ఆ అమ్మాయి కళ్ళ సంగతి

బెజవాడ

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ చదివాను. బ్రాడీపేట బ్యూటీపార్లర్, కరెంటు పోయినప్పటి ఉక్కపోత, ఓనరమ్మ నోరు బాగా కుదిరాయి. నువ్వడిగింది ఆ పార్లర్‌లో పనిచేసే మణిపూర్ అమ్మాయి, ఆ ఇంఫాల్ పిల్ల గురించి కదా. సన్నకళ్ళు అని రాస్తే తప్పా, ఎవరైనా తిడతారా అని ఒకటే టెన్షన్ పడుతున్నావు.

కళ్ళు సన్నగా ఉన్నాయని రాస్తే తప్పేం లేదు. కానీ నీ కథలో కస్టమర్లకి చీరలున్నాయి, నగలున్నాయి, అత్తగారి మీద ఫిర్యాదులున్నాయి. ఆ అమ్మాయికి మాత్రం కళ్ళు తప్ప ఇంకేం లేవు. పేరు కూడా పెట్టలేదు, పేజీకోసారి 'సన్నకళ్ళ పిల్ల' అంటావు. నాకు గుచ్చుకున్నది అది.

పైగా మనకి చారడేసి కళ్ళుంటేనే అందం. ఆ లెక్కన చూసి 'సగం మూసుకున్నట్టు' అని రాసేశావు. అవి మూసుకోలేదురా. పైరెప్ప చర్మం ముక్కువైపు మూలని కాస్త కప్పుతుంది, అంతే. ఇంఫాల్‌లో ఇమా కైథెల్ అని, అందరూ ఆడవాళ్ళే వ్యాపారం చేసే పెద్ద బజారుంది. నీ హీరోని తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టు, వింతకళ్ళు ఎవరివో తేలిపోతుంది.

ఓనరమ్మ 'చైనా పిల్లా' అని పిలవడం తీసెయ్యకు. ఆవిడ అలాగే పిలుస్తుంది. కథ చెప్పే నీ గొంతులోకి మాత్రం ఆ మాట రానివ్వకు. సరదాకి అన్నాం అంటారు చాలామంది. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ కుర్రాడు నిడో తానియా జుట్టునీ రూపాన్నీ ఎగతాళి చేస్తే గొడవైంది, అతన్ని కొట్టారు. ఆ దెబ్బలకి మర్నాడే చనిపోయాడు. ఆ తర్వాతే ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ ఇబ్బందుల మీద కేంద్రం బెజ్‌బారువా కమిటీ వేసింది.

అసలు నువ్వు వదిలేసింది వేరే ఉంది. ఆమె చేసేది ఐబ్రోస్. దారం కొస పంట పట్టుకుని, పొద్దస్తమానం గుంటూరు ఆడవాళ్ళ మొహాల మీదకి వంగి ఉంటుంది. ఎవరికి నిద్ర లేదో, ఎవరు దారం నొప్పి వంకతో ఇంకెందుకో కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారో ఆమెకి తెలిసినంత వాళ్ళ మొగుళ్ళకైనా తెలుసా? ఆ పేరా ఆమె వైపు నుంచి రాయి.

ముందు పేరు పెట్టు. మణిపూర్ పేర్లు ఊహించి రాయకు, ఆ ఊరివాళ్ళనే అడుగు. కరెంటు పోయిన సీన్ జోలికి మాత్రం వెళ్ళకు, అది అలాగే ఉండనీ.

ఉంటాను,
అన్నయ్య