ఒకే పేట, పది నాటకాలు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నేను రాసిన నాటికను మొన్న సంక్రాంతికి ఒక పరిషత్తు పోటీలో ప్రదర్శించాము. కథ బాగుందని మెచ్చుకున్న న్యాయనిర్ణేతలే, పాత్రలన్నీ ఊరి యాసలో మాట్లాడడం వల్ల గంభీరత రాలేదని, భాషను సంస్కరించుకోమని చెప్పారు. అమెరికాలో ఆగస్ట్ విల్సన్ అనే నాటకకర్త జీవితమంతా తన పేట మాటలోనే రాశారని ఒక మిత్రుడు అన్నాడు. ఆయన ఎవరు? ఎలా రాశారు? దయచేసి వివరంగా తెలియజేయగలరు.
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మీ మిత్రుడు చెప్పినది నిజమే గాని, అది కథలో రెండో సగం. మొదటి సగంలో విల్సన్ కూడా మీ న్యాయనిర్ణేతల అభిప్రాయంతోనే ఉన్నారు. తనవాళ్ల మాటకు అప్పట్లో తాను విలువ ఇవ్వలేదని, దానిని మార్చితే తప్ప కళ కాదని అనుకున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. ఆ భ్రమ వదలడానికి ఆయనకు పదేళ్లకు పైగా పట్టింది.

ఆయన 1945 ఏప్రిల్ 27న పిట్స్‌బర్గ్ నగరంలో, ఎక్కువగా నల్లజాతివారు ఉండే హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటలో పుట్టారు. తండ్రి ఫ్రెడరిక్ కిట్టెల్ జర్మన్ వలసదారు, రొట్టెలు కాల్చే పనివాడు. ఆయన ఇంటిపట్టున ఉన్నది తక్కువ. నల్లజాతి స్త్రీ అయిన తల్లి డైసీ విల్సన్ ఇళ్లలో పాచిపని చేసి ఆరుగురు పిల్లలను పెంచింది. పదిహేనేళ్ల వయసులో ఆ కుర్రవాడు నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసి తీసుకువెళితే, ఉపాధ్యాయుడు అది సొంత రాత కాదని నిందించాడు. నిరూపించుకోవలసిన అవసరం తనకు లేదనుకున్న విల్సన్ మళ్లీ ఆ బడి గడప తొక్కలేదు. తల్లికి తెలియకుండా రోజూ ఊళ్లోని కార్నెగీ గ్రంథాలయానికి వెళ్లి కూర్చునేవారు. లాంగ్‌స్టన్ హ్యూస్, రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎలిసన్ వంటి నల్లజాతి రచయితలు ఆయనకు అక్కడే పరిచయమయ్యారు. తర్వాతి కాలంలో ఆ గ్రంథాలయమే ఆయనకు గౌరవంగా పట్టా ఇచ్చింది. మన శాఖా గ్రంథాలయాల్లో మధ్యాహ్నం పూట ఒంటరిగా కూర్చుని చదువుకునే కుర్రవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

1965లో తండ్రి పోయాడు. అదే ఏడాది కొడుకు తన తల్లి ఇంటిపేరు తీసుకుని ఆగస్ట్ విల్సన్ అయ్యారు, ఇరవై డాలర్లు పెట్టి పాత టైపురైటరు కొన్నారు. పాత సామాన్ల దుకాణంలో కొన్ని సెంట్లకే దొరికిన గ్రామఫోను రికార్డుల్లో బెస్సీ స్మిత్ అనే గాయని పాడిన, బ్లూస్ అనే నల్లజాతివారి బాణీలోని పాట ఒకటి చేతికి వచ్చింది. అద్దె గదిలో కూర్చుని ఆ పాటను వరసగా ఇరవై రెండు సార్లు విన్నారట. అది తనవాళ్ల పాట అని, తన చుట్టూ ఉన్న ముసలివాళ్లకూ బతకడానికి పనికివచ్చే జ్ఞానం ఏదో ఉందని, అది ఆ గొంతుల్లోనే ఉందని అప్పుడు తోచిందని చెప్పుకున్నారు.

తోచినంత మాత్రాన కలం లొంగలేదు. 1968లో మిత్రుడు రాబ్ పెన్నీతో కలిసి పేటలో బ్లాక్ హొరైజన్స్ అనే నాటక బృందం పెట్టారు గాని, సంభాషణ రాయబోతే పాత్రలు బొమ్మల్లా మాట్లాడేవి. నీ పాత్రల చేత అంత సహజంగా ఎలా మాట్లాడిస్తావని పెన్నీని అడిగితే, మాట్లాడించడం కాదు, వాళ్లు చెప్పేది వినాలి అన్నాడట.

ఆ వినికిడి పేటలో ఉండగా పట్టుబడలేదు. 1978లో ఆయన మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరానికి మారి, అక్కడి సైన్సు మ్యూజియం కోసం చిన్న చిన్న నాటికలు రాసే పనిలో చేరారు. నల్లజాతివారు తక్కువగా ఉన్న ఆ చలిప్రదేశంలో, తాను వదిలి వచ్చిన గొంతులు మొదటిసారి స్పష్టంగా చెవిన పడ్డాయి. బతుకుతెరువు కోసం హైదరాబాదు వెళ్లిన మనవాళ్లకు ఇది తెలిసిన అనుభవమే; ఊళ్లో ఉన్నన్నాళ్లూ పట్టించుకోని ‘ఆయ్’ అన్న పలుకు అక్కడ బస్టాపులో వినిపిస్తే తల తిరిగి చూస్తాం. అలా 1979లో రాసినదే ‘జిట్నీ’. లైసెన్సు టాక్సీలు పేటలోకి రావు కాబట్టి సొంత కార్లు తిప్పుకుని బతికే డ్రైవర్ల కథ అది. మన సెంటర్లలో షేర్ ఆటోల స్టాండు దగ్గర గంటసేపు నిలబడితే వినిపించే అలకలూ, అప్పులూ, పరాచికాలూ ఆ నాటకం నిండా ఉన్నాయి.

కొత్త నాటకకర్తలను ప్రోత్సహించే యూజీన్ ఓనీల్ నాటక కేంద్రం ఆయన నాటకాలను పలుమార్లు తిప్పి పంపి, చివరకు ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ను తీసుకుంది. అక్కడ పరిచయమైన దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్ దానిని 1984లో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి అయిన బ్రాడ్‌వేకు ఎక్కించారు. ‘ఫెన్సెస్’కు 1987లో, ‘ది పియానో లెసన్’కు 1990లో పులిట్జర్ బహుమతులు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలోని ఒక్కొక్క దశాబ్దపు బతుకు మీద ఒక నాటకం చొప్పున మొత్తం పది రాశారు. వాటిలో తొమ్మిది ఆ ఒక్క పేటలోనే నడుస్తాయి. పదోదైన ‘రేడియో గోల్ఫ్’ 2005లో పూర్తయింది. ఆ ఏడాది అక్టోబరు 2న కాలేయ కాన్సరుతో, అరవయ్యేళ్ల వయసులో, ఆయన సియాటిల్‌లో కన్నుమూశారు. రెండు వారాలకు బ్రాడ్‌వేలోని ఒక థియేటరుకు ఆయన పేరు పెట్టారు.

ఇక మీ నాటిక సంగతి. సినిమాల్లో గోదావరి యాస ఎక్కువగా నవ్వు కోసమే వాడడం వల్ల, అది వినగానే ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధమైపోతున్నాడు. మీ న్యాయనిర్ణేతలకు గంభీరత అందకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఆ అలవాటును దాటించవలసిన పని మీదే. విల్సన్ పాత్రలు యాసలో చమత్కారాలు విసిరి ఊరుకోవు. ‘ఫెన్సెస్’లో చెత్తబండి మీద పనిచేసే మనిషి మృత్యువుతో తాను కుస్తీ పట్టిన వైనం పేజీల కొద్దీ చెబుతాడు, వింటున్నవాళ్లు కదలరు. పద్యనాటకంలో రాగం తీసినంతసేపూ కూర్చుని వినే మన జనానికి అంత పొడుగు మాట కొత్త కాదు. వేసవిలో కట్టేసిన కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారని లాకుల దగ్గర ఒక పెద్దాయనను మొన్న అడిగాను. “ఆయ్, వదుల్తారండి. ఆకుమడి ఎండిపోయేక వదుల్తారు” అని తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. ఆ మాటను శిష్టభాషలోకి మార్చి చూడండి, మనిషి మాయమైపోతాడు. మీ యాసను దిద్దకండి. ఆ యాసలో మీ పాత్రలు తమ దుఃఖాన్ని పూర్తిగా చెప్పుకున్నాయా లేదా అన్నది మాత్రం మళ్లీ చూసుకోండి.

ప్రశ్న: విల్సన్ నాటకాల్లో మొదట ఏది చదవాలి? మా కళాశాలలో తెలుగు చేసి ఆడవచ్చునా?
— ఒక అధ్యాపకురాలు, అమలాపురం

సమాధానం: ‘ఫెన్సెస్’తో మొదలుపెట్టండి. 2016లో డెంజెల్ వాషింగ్టన్ తీసిన సినిమా కూడా ఉంది. హక్కులు ఇంకా అమల్లోనే ఉన్నాయి కాబట్టి ప్రదర్శనకు అనుమతి తప్పనిసరి. తరగతిలో పాఠంగా ఒక రంగాన్ని పైకి చదివించుకోవడం మేలు. నాటకం పొడుగునా ట్రాయ్ అనే తండ్రి పెరట్లో చెక్కలతో ఒక అడ్డు కడుతూ ఉంటాడు. కొందరు మనుషులను బయట ఉంచడానికి కడతారు, కొందరు లోపల నిలుపుకోవడానికి కడతారని అతడి స్నేహితుడు బోనో అంటాడు. భార్య రోజ్ కట్టమని అడిగింది రెండో కారణంతోనే. నాటకానికి పేరైన ‘ఫెన్స్’ అంటే ఈ అడ్డే; తెలుగులో దీనికి ‘కంచె’ అన్న మాట నాకు రుచించదు, అందులో ముళ్లే కనబడతాయి. మన పెరళ్లలో ఇంటిల్లిపాదీ కూర్చుని తాటాకులు కట్టుకునే ‘దడి’ అన్న మాటే రోజ్ మనసుకు దగ్గరగా ఉంటుంది.