డిసెంబరాలకు కత్తెర వానాకాలంలోనే

చి. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. డిసెంబరం మొక్క నడుము ఎత్తు దాటింది, ఆకు దట్టంగా ముదురుపచ్చగా ఉంది. అయినా సంక్రాంతికి గుప్పెడు పూలు కూడా రాలేదని బాధపడ్డావు. మొక్కలో ఏ లోపమూ లేదు. గోడ పక్కన గుబురు చక్కగా కనిపించాలని నవంబరులో తోటమాలి చేత పైపైన చదునుగా కత్తిరింపించానని రాశావు చూడు, పూలు పోయింది అక్కడే. డిసెంబరం కొత్త కొమ్మల కొసల్లోనూ, పై ఆకుల మొదళ్లలోనూ మొగ్గ కడుతుంది. ఆ కొసలు నవంబరుకల్లా సిద్ధంగా ఉంటాయి. అప్పుడు కత్తెర పెడితే ఆ ఏటి పూలన్నీ చెత్తబుట్టలో పడ్డట్టే.

అందుకే ఎవరడిగినా ముందుగా ఈ మాటే చెబుతాను. పూసేది చలికాలంలోనే అయినా, ఆ పూలకు మనం పాటుపడాల్సింది వానాకాలంలో.

అసలైతే పూత అయిపోగానే, ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో కొమ్మలు కొట్టేయాలి. ఆ అదను దాటిపోయింది. ఇప్పుడు నడి ఎండల్లో గట్టిగా నరికితే మొక్క తట్టుకోలేదు, ఆగు. మృగశిర కార్తెలో నేల బాగా తడిశాక మొక్క మొత్తాన్ని మోకాలి ఎత్తుకు కత్తిరించు. చేతులు వణకనక్కర లేదు, పది పదిహేను రోజుల్లో ప్రతి కణుపు దగ్గరా చిగురు కనిపిస్తుంది. ఆ చిగుళ్లు మూడు నాలుగు జతల ఆకులు వేశాక కొసను గోటితో తుంచెయ్యి. దీని ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. కాబట్టి తుంచిన చోట కింది జంట దగ్గర నుంచి రెండు కొమ్మలు లేస్తాయి. అవి కాస్త సాగాక మళ్లీ తుంచితే నాలుగు, ఇంకోసారి తుంచితే ఎనిమిది. ప్రతి కొసా ఒక పూల గుత్తి అని లెక్క వేసుకుంటే, వానలున్నన్నాళ్లూ చేసే ఈ చిన్న పని విలువ తెలుస్తుంది. వినాయక చవితి దాటిందా, కత్తెర అటక ఎక్కాలి. ఆ తరువాత ఒక్క కొమ్మ వంకరగా పెరిగినా సరే, ముట్టుకోకు. తోటమాలికి కూడా ఈ మాట గట్టిగా చెప్పు, వాళ్లకు గోడ వెంబడి గీత గీసినట్టు కొట్టడమే పని అనిపిస్తుంది.

యూరియా వేస్తున్నానన్నావు, అది మానెయ్యి. ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది. జూన్‌లో కత్తిరించినప్పుడు పాదు తవ్వి బాగా మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు వేస్తే చాలు. దసరా ముందు మరొక్కసారి కాస్త వర్మీకంపోస్టు. భారతదేశం నుంచి దక్షిణ చైనా దాకా కొండ వాలుల్లో, పొదల్లో తనంతట తాను పెరిగే మొక్క ఇది. దానికి మన గారాబం అంతగా అవసరం లేదు. మీ నేల నల్లరేగడి కదా, నీళ్లు నిలవకుండా చూడటమే ముఖ్యం. గోతిలో ఎర్రమట్టి, కొంత ఇసుక కలిపి, పాదును చుట్టూ ఉన్న నేల కంటే కాస్త ఎత్తుగా కట్టు. వేసవిలో ఆకు వాడినట్టు తలవాలిస్తే ఉదయం పూట నిండుగా నీళ్లు పొయ్యి. చలికాలంలో మాత్రం పైమట్టి ఆరాకే పొయ్యాలి. రోజూ అలవాటుగా గొట్టం పట్టుకుని నిలబడితే వేరు కుళ్లుతుంది.

వేపచెట్టు నీడ గురించి అడిగావు. నీడలో మొక్క బతుకుతుంది, పచ్చగానే ఉంటుంది, కానీ పూలు పలచబడతాయి. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగిలే చోటే మంచిది. ఈసారి కొత్తగా నాటేవి తూర్పు గోడ వెంబడి పెట్టు. మొక్కకూ మొక్కకూ అడుగున్నర, రెండడుగుల ఎడం ఉంటే రెండేళ్లలో కలిసిపోయి పచ్చటి కంచె అవుతుంది.

నర్సరీకి వెళితే చీటీ మీద డిసెంబరం శాస్త్రీయ నామం బార్లేరియా క్రిస్టాటా అని ఉందేమో చూసుకో. దీని దాయాది ముళ్ల గోరింట పసుపు పూలు పూస్తుంది, ఒళ్లంతా ముళ్లే, పిల్లలు తిరిగే చోట వద్దు. డబ్బు పెట్టి కొనడం కంటే కొమ్మ నాటుకోవడమే నాకిష్టం. మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు ఇసుక కలిపిన మట్టిలో మునిగేలా గుచ్చు. వానాకాలంలో నీడన ఉంచితే చక్కగా వేరు పడుతుంది. గింజలతోనూ వస్తుంది కానీ తల్లి మొక్క రంగే వస్తుందన్న హామీ లేదు. ఊదా గీతలున్న తెల్ల డిసెంబరం కావాలంటే కొమ్మే నాటాలి. ఇంకో మాట, కాయ ఎండాక టప్పున పగిలి గింజలను దూరంగా విసిరేస్తుంది. పూత కాగానే కత్తిరించమనేది అందుకు కూడా. లేకపోతే మొదటి వానకు పూలకుండీలన్నిటిలో ఇవే మొలుస్తాయి.

పిండినల్లి ఒక్కటే కాస్త విసిగిస్తుంది. కణుపుల దగ్గర తెల్లగా దూదిలా కనిపించగానే నీళ్లు గట్టిగా కొట్టి కడిగెయ్యి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లు. గొంగళిపురుగులు రెండు మూడు కనిపిస్తే వదిలెయ్యి, కొన్ని రకాల సీతాకోకచిలుకలకు ఈ ఆకే ఆహారం.

పూలు కోయడం కూడా చూపించాలి నీకు. కాడ పట్టుకుని తుంచకూడదు. పువ్వును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే సన్నని గొట్టంతో సహా జారి వస్తుంది. అంచుల్లో పళ్లున్న పచ్చటి రేకులు కొమ్మకే ఉండిపోతాయి, వాటి పక్కన మొగ్గలు ఇంకా వరుసలో ఉంటాయి. ఆ గొట్టమే దండకు కాడ. ఇటు రెండు, అటు రెండు పెట్టి అరటినారతో కడితే దగ్గరగా కూర్చుంటాయి. వాసన లేదని చిన్నచూపు చూడకు, మధ్యమధ్య మరువం వేసి కట్టు. ఉదయం ఎండ ఎక్కకముందే కోసి తడిగుడ్డలో ఉంచు, సాయంత్రానికి వడలిపోయే పువ్వు అది. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద పెట్టడానికి గుమ్మడి పువ్వుతో పాటు నీ పెరటి డిసెంబరాలు కూడా ఉండాలని నా కోరిక.

డాలస్‌లో ఉన్న నీ చెల్లెలు కూడా అడిగింది. అక్కడ గడ్డకట్టే చలికి పై కొమ్మలు మాడిపోతాయి కనుక 12 అంగుళాల కుండీలోనే పెంచమను. చలి ముదరకముందే ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గరికి చేర్చాలి.

జూన్ రెండో వారంలో మీ ఇంటికి వస్తాను. ఊదా, తెలుపు, గీతలవి మూడు రకాల కొమ్మలూ గోనెపట్టాలో తడిపి చుట్టి తెస్తాను. నువ్వు ఒక బస్తా ఇసుక తెప్పించి ఉంచు, గోడ పక్కన మిగిలిపోయిన సిమెంటు పెళ్లలు తీయించు. కత్తెర పదును పెట్టించడం మరవకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ