గర్భసంచి గడ్డల ఆపరేషన్ తర్వాత మామూలుగా తిరగడానికి ఎన్నాళ్లు పడుతుంది? అమ్మ వారం రోజులుంటే చాలా?

మీరు రాసింది బట్టి నాకు అర్థమైంది ఇది: వచ్చే నెల పొట్ట కోసి ఫైబ్రాయిడ్లు తీస్తారు, గర్భసంచి ఉంచుతారు, ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది, అమ్మ ఒక్క వారమే రాగలదు. రెండేళ్ల కింద ఇదే ఆపరేషన్, మయోమెక్టమీ, నాకు ఇక్కడే బెంగళూరులో అయింది. అప్పుడు నాకు 38. వారం చాలదండీ.

నావి మూడు గడ్డలు, పెద్దది 9 సెంటీమీటర్లు. పొట్ట ఐదో నెలలా కనపడేది. మెట్రోలో ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవాళ్లు, నేనూ కాదనకుండా కూర్చునేదాన్ని. నెలకు పది రోజులు రక్తం పోయి హిమోగ్లోబిన్ 7.8కి దిగిన మనిషికి మొహమాటాలేం ఉంటాయి? ముందు సెలైన్లో ఐరన్ ఎక్కించి, 10 దాటాకే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. మీ హిమోగ్లోబిన్ ఎంతో మీరు రాయలేదు, కనుక్కోండి. ఆపరేషన్ తర్వాత వచ్చే నీరసమంతా కుట్ల వల్లే అనుకుంటాం గానీ, నాకైతే అందులో సగం పాత బాకీయే.

ఆసుపత్రిలో మూడు రాత్రులు. అక్కడ పెద్దగా భయపడాల్సిందేం లేదు, నొప్పికి మందు పడుతూనే ఉంటుంది. మర్నాడే యూరిన్ గొట్టం తీసి నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకూడదని. ప్రతి నర్సూ అడిగేది ఒకటే, "గ్యాస్ పోయిందా?" అని. పోయినప్పుడు మా ఆయన మొహం చూడాలి, పాప పుట్టిన రోజు కూడా అంత సంబరపడలేదు. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది. మొదటి రోజే సిరప్ రాయించుకోండి, నేను నాలుగో రోజు దాకా ఆగి ఏడ్చాను. లేచేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద బరువు వేసి లేవండి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకు అదుముకోండి. నాది నవంబరు, ఈ ఊళ్లో ఆ నెల సగంమందికి జలుబే, దిండు నా చంక దిగలేదు. ఇంటికెళ్లేటప్పుడు కార్లో సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య పెట్టుకున్నదీ ఆ దిండే. ఆసుపత్రి నుంచి మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు, పదిహేడు హంపులు. ఆ రోజే లెక్క తేలింది.

మా అమ్మ హిందూపురం నుంచి వచ్చింది. దిగీ దిగగానే కందిబేడలు బంద్, కుట్లు చీము పడతాయని. డాక్టరేమో పప్పు, గుడ్డు బాగా తినమంది. ఇంటి ఓనరు ఆంటీతో అమ్మ కన్నడంలో సంప్రదించి, చివరికి పెసరపప్పుకు ఒప్పుకుంది. నేనూ వాదించలేదు, పెసరపప్పులోనూ మాంసకృత్తులు ఉంటాయిగా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. కోత సిజేరియన్ కోత ఉండే చోటే. గర్భసంచినీ కోసి పొరలు పొరలుగా కుడతారు. కానీ పక్కన ఉయ్యాల ఉండదు. బాలింతను మంచం దిగనివ్వని మన ఇళ్లలోనే, రెండు వారాలు దాటాక "ఇంకా పడుకునే ఉన్నావా?" అని ఫోన్లొస్తాయి. చట్టానికీ అంతే. నా ఆపరేషన్ నాటికి ఉన్న 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో గర్భస్రావానికి 6 వారాలు, ట్యూబెక్టమీకి, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు, 2 వారాలు సెలవుండేది, గడ్డల ఆపరేషన్ ఊసే లేదు. నేను సిక్ లీవులు, ఉన్న సెలవులు అన్నీ ఊడ్చి పెట్టుకున్నా. మీరు డాక్టరు దగ్గర ఆరు వారాలకు సర్టిఫికెట్ ముందే రాయించుకోండి. మూడు వారాలకు రాయించుకుని తర్వాత పొడిగించమని హెచ్ఆర్‌ను బతిమాలడం నా వల్ల కాలేదు.

ఈ ఫోన్ల మాట మనమూ నమ్మేస్తాం, అదే ప్రమాదం. అమ్మ పదో రోజు వెళ్లిపోయింది. పంతొమ్మిదో రోజు నాకు ఒళ్లు తేలిగ్గా ఉంది, స్నానం చేసి జడ కూడా వేసుకున్నా. నీళ్ల క్యాను అబ్బాయి గుమ్మంలో దించి వెళ్లాడు. ఇరవై లీటర్లు. కాలితో నెట్టుకుంటూ వంటింటి దాకా తెచ్చాను. అక్కడితో ఆగొచ్చు కదా, ఎత్తి డిస్పెన్సర్ మీద పెట్టాను. లోపల ఏదో పట్టి లాగినట్టయింది, సాయంత్రానికి ఎర్రగా కనపడింది. స్కాన్ చేసి ఏమీ తెగలేదన్నారు, కానీ మళ్లీ రెండు వారాలు మంచమే. నాలుగైదు కిలోలకు మించి ఎత్తొద్దని డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది. మీ పాప అంతకు మూడింతలుంటుంది. ఒళ్లోకి కావాలంటే మీరు కూర్చున్నాక తననే ఎక్కమనండి, అదీ కుట్ల వైపు కాకుండా పక్కన.

ఇండియన్ టాయిలెట్ అయితే ముందే ఏదో ఏర్పాటు చూసుకోండి, గొంతుకూర్చుని లేవడం మొదటి రెండు వారాలు నరకం. ల్యాపరోస్కోపీ, అంటే పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల్లోంచి చేసేది, అయినవాళ్లు త్వరగా లేస్తారు, రెండు నుంచి నాలుగు వారాలు. పక్కింటామె అలా చేయించుకుంది. ఆమెకు పొట్టకన్నా భుజం నొప్పే ఎక్కువ, లోపలికి ఊదిన గ్యాస్ వల్లట. మనతో పోల్చుకోవద్దు.

రెండో బిడ్డ ఆలోచన ఉందన్నారు కాబట్టి ఒక్కమాట. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా ఆపరేషన్ నోట్స్ జిరాక్స్ అడిగి తీసుకోండి. గడ్డ గోడలో ఎంత లోతుగా ఉంది, లోపలి పొర దాకా కోశారా అన్నది అందులో ఉంటుంది. ఎన్ని నెలలు ఆగాలి, కాన్పు సిజేరియనే కావాలా అన్నది దాన్ని బట్టే చెప్తారు. బయాప్సీ రిపోర్టు కూడా గుర్తుపెట్టుకుని తెచ్చుకోండి. గడ్డలు మళ్లీ వచ్చే అవకాశం ఉంది, నేను ఏడాదికోసారి స్కాన్ చేయించుకుంటున్నా.

జ్వరం 100.4 దాటినా, గంటకో ప్యాడ్ తడిసినా, కుట్ల దగ్గర చీమో వాసనో వచ్చినా, ఒక్క పిక్క మాత్రమే వాచినా ఇక్కడ ప్రశ్న పెట్టకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక అమ్మ సంగతి. ఒక్క వారమే కుదిరితే మొదటి వారం రప్పించకండి. అందులో మూడు నాలుగు రోజులు ఆసుపత్రిలోనే పోతాయి, తర్వాత కూడా అందరికీ జాలి ఉంటుంది, మీవారు సెలవు పెడతారు. మూడో వారానికి రమ్మనండి. మీవారు ఆఫీసుకెళ్లి, మీకు ఒళ్లు బాగైనట్టు అనిపించి, క్యాను గుమ్మంలో కనపడే వారం అదే.