పేదల నిధి, పిడికెడు బియ్యం: చిన్న సంఘంలో ఎలా నడపాలి

మీరు అడిగింది ఇది: ముప్పై కుటుంబాల క్రైస్తవ సంఘం, చేతిలో డబ్బు తక్కువ. పేదల కోసం నిధి పెట్టాలంటే దశమభాగంలోంచి (రాబడిలో పదోవంతుగా ఇచ్చే కానుకలోంచి) తీయాలా, వేరేగా పోగుచెయ్యాలా, ఎవరికి ఎలా ఇవ్వాలి?

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర చూడండి. మూడేళ్లకోసారి పంటలో పదోవంతు ఊళ్లోనే ఉంచాలి, లేవీయులతోపాటు (మందిర సేవ చేసే గోత్రంవాళ్లు) పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు దాన్ని కడుపునిండా తినాలి. అంటే దశమభాగంలో పేదలకు వాటా ముందునుంచీ ఉంది. అయినా పెట్టె మాత్రం వేరుగా పెట్టండి. ఒకే పెట్టె అయితే కరెంటు బిల్లు, మైకుసెట్టు రిపేరు ముందుకొస్తాయి, పేదవాడి వంతు వచ్చేసరికి అడుగంటుతుంది. అపొస్తలుడైన పౌలు యెరూషలేము పరిశుద్ధుల కోసం, అంటే అక్కడి విశ్వాసుల కోసం, వేయించిన చందా కూడా విడి చందాయే. తాను వచ్చాక హడావిడిగా పోగుచెయ్యొద్దనీ, ఆదివారం ఆదివారం ఎవరికి వారు "తాను వర్ధిల్లిన కొలది" తీసిపెట్టుకోవాలనీ రాశాడు (1 కొరింథీ 16:2). కాబట్టి తలా ఇంత అని రేటు కట్టకండి. కూలికి వెళ్లే ఇంటికీ ఉద్యోగస్తుల ఇంటికీ ఒకటే మొత్తం పెడితే లేనివాళ్లు ఆరాధనకే మొహం చాటేస్తారు.

డబ్బు తక్కువైతే పిడికెడు బియ్యంతో మొదలుపెట్టడం మంచిది. అన్నం వండేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వెయ్యడమే. మిజోరం సంఘాలు వందేళ్లకు పైగా ఇలా చేస్తున్నాయి, అయితే అక్కడ ఎక్కువగా సువార్త పనికి వాడతారు. పిడికిలి సుమారు 50 గ్రాములనుకోండి. రెండు పూటలా వేస్తే ఇంటికి నెలకు 3 కిలోలు. ఇరవై ఇళ్లు క్రమం తప్పకుండా వేసినా 60 కిలోలు, అంటే ఆరు ఇళ్లకు పదేసి కిలోలు. ఇందులో చెడేది కలపడం దగ్గర. దొడ్డు బియ్యం, సన్నబియ్యం, కొత్తవి, పాతవి ఒకే గోనెలో పోస్తే వండేటప్పుడు కొన్ని ముద్దవుతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. తీసుకున్న అమ్మ ఏమీ అనదు, కానీ ఆ కంచం ముందు కూర్చున్నప్పుడు తనకు మిగులూ తగులూ ఇచ్చారని తెలిసిపోతుంది. రెండు సంచులు పెట్టండి. నెలాఖరుదాకా ఇళ్లలో ఉంచితే పురుగు పడుతుంది, వారానికోసారి తెప్పించండి. పోగైన బియ్యాన్ని వేలం వెయ్యడం మాత్రం వద్దు. అందులో రేషన్ బియ్యం ఉంటుంది, దాన్ని అమ్మడం చట్టరీత్యా తప్పు.

డబ్బు లెక్క ఎప్పుడూ ఇద్దరు కలిసి పెట్టాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఇద్దరూ అక్కడే సంతకం చెయ్యాలి. చందా విషయంలో ఎవరూ తప్పుపట్టకూడదని పౌలు తన జతపనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి పంపాడు (2 కొరింథీ 8). పుస్తకంలో తేదీ, మొత్తం, అవసరం రాయండి. పేరుకు బదులు నంబరు వెయ్యండి. పేర్ల జాబితా పాస్టరుగారి దగ్గర, ఒక పెద్ద దగ్గర ఉంటే చాలు. ఆదివారం మొత్తం చదవండి, పేర్లు చదవొద్దు.

ఎవరికి అంటే, 1 తిమోతి 5 ప్రకారం పిల్లలు, మనవలు ఉన్న విధవరాలిని ముందు వాళ్లే చూసుకోవాలి. దీన్ని తలుపు వేసెయ్యడానికి వాడకండి. కొడుకు ఉండీ పెట్టకపోతే ఆమె ఆకలి ఆగదు. బియ్యం పంపుతూనే పెద్దలు కొడుకుతో మాట్లాడాలి. వేరే మతం వాళ్లు వచ్చినా ఇవ్వండి, ఆరాధనకు రమ్మనే షరతు పెట్టకండి. యేసు చెప్పిన ఉపమానంలో సమరయుడు రెండు దేనారములు (వెండి నాణేలు) ఇచ్చేముందు గాయపడినవాణ్ణి ఏమీ అడగలేదు.

ఆసుపత్రి బిల్లు, కాలేజీ ఫీజు లాంటివి నేరుగా కౌంటర్లో కట్టి రసీదు తీసుకోండి. ఇంటి ఖర్చుకైతే చేతికే ఇవ్వండి, ఏం కొనాలో వాళ్లకు తెలుసు. అప్పుగా మాత్రం ఇవ్వకండి. తీర్చలేనివాళ్లు సిగ్గుపడి సంఘానికే దూరమవుతారు. చీకటి పడ్డాక స్త్రీల సమాజం నుంచి ఒక్కరే వెళ్లి, బియ్యం మామూలు కూరగాయల సంచిలో ఇచ్చి రావాలి. ఫోన్ బయటికి తీయకూడదు.