పీహెచ్ ఎలక్ట్రోడ్ సంగతి, కొత్తగా ల్యాబ్‌లో చేరిన మా పాపకి

పాపా,

కావలి కాడ రొయ్యల గుంటల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది, శానా సంతోషం. ఒకే శాంపిల్‌కి రెండు మూడు రకాలుగా పీహెచ్ (నీళ్ళలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే అంకె) వస్తా ఉంది, మీటర్ పాడయిందా అని అడిగావంట. మీటర్ అంత తేలిగ్గా పాడవదమ్మా, ముందు ఎలక్ట్రోడ్‌ని, అంటే నీళ్ళలో ముంచే ఆ గొట్టాన్ని చూడు.

ఎలక్ట్రోడ్‌కి పీహెచ్ తెలీదు, దానికి తెలిసింది మిల్లీవోల్టులే. కింద పల్చటి గాజు బుడ్డి ఉంది చూడు, దాని లోపలొక ద్రావణం, బయట నీ శాంపిల్, రెండిట్లో హైడ్రోజన్ అయాన్ల తేడాని బట్టి గాజుకి అటూ ఇటూ వోల్టేజ్ వస్తాది. ఆ వోల్టేజ్‌ని దేంతో పోల్చి కొలవాలి? మారకుండా నిలబడే రిఫరెన్స్ ఒకటి కావాలి, అది సిల్వర్ క్లోరైడ్ పూసిన వెండి తీగ, చుట్టూ పొటాషియం క్లోరైడ్, ఇప్పుడు రెండూ ఒకే గొట్టంలో పెట్టి ఇస్తా ఉండారు. పీహెచ్‌కి ఎంత వోల్టేజ్ వస్తాదో చెప్పే నెర్న్‌స్ట్ లెక్క ప్రకారం 25 డిగ్రీల కాడ ఒక్కో పీహెచ్‌కి 59.16 మిల్లీవోల్టులు, మన ఎండలకి 30 డిగ్రీలుంటే 60 దాటుద్ది.

అందుకని రోజూ పొద్దున్నే మీటర్‌ని మిల్లీవోల్ట్ మోడ్‌లో పెట్టి చూడు. 7 బఫర్‌లో, అంటే పీహెచ్ 7 అని ముందే తెలిసిన ద్రావణంలో, సున్నాకి అటూ ఇటూ 30 లోపల ఉండాలి, 7కీ 4కీ మధ్య తేడా 177 దరిదాపుల్లో రావాలి, 160 కంటే తగ్గిందంటే ఎలక్ట్రోడ్‌కి ఏదో అయింది. క్యాలిబ్రేషన్ (బఫర్లతో మీటర్‌ని సరిచూసి సెట్ చెయ్యడం) మాత్రం 4, 7 తో చేసి ఊరుకోబాక, గుంట నీళ్ళు 7.5 నించి 9 మధ్యలో ఉంటాయి కాబట్టి 7, 10 తో చెయ్యి, 9.2 ఉన్నా సరే. వాడిన బఫర్‌ని మళ్ళీ సీసాలో పొయ్యొద్దు, 10 బఫర్ అయితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకొని దానంతటదే తగ్గిపోతాది.

గుంట నీళ్ళలో బురద, నాచు ఉంటాయి గదా, అవి రిఫరెన్స్ పక్కనుండే జంక్షన్‌ని, అంటే లోపలి పొటాషియం క్లోరైడ్ శాంపిల్‌ని తాకే సన్న దారిని మూసేస్తాయి. రీడింగ్ నిలవకుండా జారతా ఉంటే నాకు మొదటి అనుమానం దాని మీదే. పావుగంట 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఉంచి, కడిగి, ఒక గంట పొటాషియం క్లోరైడ్‌లో నానబెట్టి మళ్ళీ క్యాలిబ్రేట్ చెయ్యి. పొటాషియం క్లోరైడ్ పోసే పై రంధ్రం మూత టెస్ట్ చేసేటప్పుడు తెరిచే ఉండాలి, లోపలి ద్రావణం శాంపిల్ మట్టం కన్నా పైన ఉండాలి, ఇది శానామంది పట్టించుకోరు. రాత్రిపూట 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో పెట్టు, డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టావంటే లోపలి అయాన్లు బయటికి పోయి ఎలక్ట్రోడ్ చచ్చిపోతాది. గాజుని గుడ్డతో రుద్దొద్దు, టిష్యూతో అద్దు చాలు.

టెంపరేచర్ కరెక్షన్ ఆన్ చేశాం గదా అనుకోబాక, అది స్లోప్‌నే (ఒక్కో పీహెచ్‌కి వచ్చే మిల్లీవోల్టులనే) సరిచేస్తాది, శాంపిల్ వేడెక్కినప్పుడు నిజంగా మారిన పీహెచ్‌ని వెనక్కి తేలేదు. అల్లూరు నించి ఎండలో బండి మీద తెచ్చిన సీసా గుంటలో ఉన్న నీళ్ళని చూపించదు, వీలయితే గట్టు మీదే కొలిచి టైం రాసుకో, పొద్దున తగ్గి మధ్యాన్నం పెరగడం నాచు వల్ల మామూలే.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే నువ్వు 8.9 అని రాసిస్తే రైతు ఆ మాట నమ్మి పీహెచ్ తగ్గించడానికి గుంటలో బెల్లం, ప్రోబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవుల మందు) కొడతాడు. అమ్మోనియా కూడా అంతే, 30 డిగ్రీల కాడ పీహెచ్ 8 అయితే మొత్తం అమ్మోనియాలో విషపు రూపం పదోవంతు లోపే, అదే 9 అయితే మూడోవంతు పైనే, అంటే నీ పీహెచ్ తప్పితే అమ్మోనియా రిపోర్టూ తప్పినట్టే.

రేపు పొద్దున 7, 4, 10 బఫర్ల మిల్లీవోల్టులు మూడూ రాసి నాకు వాట్సాప్ చెయ్యి, చూసి చెప్తా.

నీ పెదనాయన