పోస్టులో వచ్చే కోడిపిల్లలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

అమెరికాలో ఇల్లు కొనుక్కుని కాస్త పెరడు దొరగ్గానే మనవాళ్ళలో చాలామందికి ముందు కరివేపాకు కుండీ, తర్వాత నాలుగు కోళ్ళు గుర్తొస్తున్నాయి, నాకు చాలా సంతోషంగా ఉంది. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ హ్యాచరీ (గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోటు) నుంచి పోస్టులో తెప్పించుకునే కోడిపిల్లల మీదే. నేను ఒహాయోలో పదేళ్ళ నుంచి పెంచుతున్నా, హ్యాచరీ పిల్లల్నీ తెచ్చా, జాతి రూపం చూసి ఏరి పెంచే బ్రీడర్ల దగ్గరా కొన్నా. అందుకని చూసిందే రాస్తున్నా.

ప్రశ్న (డల్లాస్ దగ్గర నుంచి ఒక పాఠకురాలు): అక్కా, నిరుడు మార్చిలో క్యాటలాగ్ చూసి రోడ్ ఐలాండ్ రెడ్లు 6, బఫ్ ఆర్పింగ్టన్లు 5, అమెరాకానాలు 4 తెప్పించాం. గుడ్లకి లోటు లేదు. కానీ బొమ్మలో రెడ్ కోడి నలుపు కలిసిన ముదురు ఎరుపులో మెరిసిపోతోంది, మావేమో ఇటుక రంగు. ఆర్పింగ్టన్లు బొమ్మలో దూదిమూటల్లా ఉన్నాయి, మావి సన్నగా ఉన్నాయి. అమెరాకానాలు నాలుగూ నాలుగు రంగులు, ఒకటి పచ్చ గుడ్డు పెడుతుంది, ఇంకోటి లేత గులాబీ. మా ఆయన మోసపోయాం అంటున్నారు. నిజమేనా?

జవాబు: చెల్లీ, రెడ్లు, ఆర్పింగ్టన్ల విషయంలో మోసం ఏమీ లేదు, అమెరాకానా విషయంలో మాత్రం మీ ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది, అది కాసేపాగి చెప్తా.

ముందు హ్యాచరీలో పని ఎలా జరుగుతుందో చూడు. అక్కడ ఒక్కో జాతిలో వందల పెట్టలు, వాటి మధ్య పదుల్లో పుంజులు, అన్నీ కలిపి ఒకే షెడ్డులో వదిలేస్తారు. ఏ గుడ్డు ఏ పెట్టదో ఎవరూ రాసుకోరు. మరి ఆ షెడ్డులో ఏ పెట్ట పిల్లలు ఎక్కువ పుడతాయి? ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టవే కదా. గుడ్లు బాగా పెట్టేది మామూలుగా కొంచెం తేలికగా, సన్నగా ఉంటుంది, తిన్నదంతా ఒంటికి పట్టకుండా గుడ్డులోకి పోతుంది. ఇలా తరం తర్వాత తరం జరిగేసరికి పేరు రోడ్ ఐలాండ్ రెడ్ అనే ఉంటుంది గానీ ఒళ్ళు తగ్గిపోతుంది, రంగు వెలిసిపోతుంది, గుడ్లు పొదగడానికి కూర్చునే బుద్ధి కూడా తగ్గిపోతుంది. ఎవరో కావాలని చెడగొట్టింది కాదు, రంగు చూసి ఏరే మనిషి లేకపోవడం వల్ల వచ్చింది.

క్యాటలాగ్ బొమ్మ వేరే లోకంలోది. ఇక్కడ అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ అని ఉంది, 1873లో పెట్టారు, ఆ మరుసటి ఏడే ఏ జాతి ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాల పుస్తకం అచ్చు వేశారు. కాలి రంగు, తల మీది ఎర్ర తురాయికి ఎన్ని పళ్ళుండాలి, తోక ఎంత వాలుగా ఉండాలి, తూకం ఎంత, అన్నీ అందులో ఉంటాయి. దాని ప్రకారం రోడ్ ఐలాండ్ రెడ్ పుంజు ఎనిమిదిన్నర పౌండ్లు, పెట్ట ఆరున్నర పౌండ్లు తూగాలి. పోటీలకి తీసుకెళ్ళేవాళ్ళు ఏటా వంద పిల్లల్ని పెంచి ఆ పుస్తకానికి దగ్గరగా ఉన్న ఐదో పదో ఉంచుకుంటారు, మిగతావి కూరకి పోతాయి. క్యాటలాగ్‌లో వేసేది అలా ఏరిన కోడి బొమ్మ, మీ ఇంటికి వచ్చేది షెడ్డులో పుట్టిన పిల్ల. మీ పెట్టలు ఐదున్నర, ఆరు పౌండ్లు ఉండి వారానికి ఐదు గుడ్లు ఇస్తుంటే హ్యాచరీ రెడ్ అంటే అదే, లోపం ఏమీ లేదు.

ఇక అమెరాకానా. అసలైన అమెరాకానాని ఆ పుస్తకంలోకి 1984లో చేర్చారు. దానికి గడ్డం ఉండాలి, కాళ్ళు పలక రంగులో ఉండాలి, గుడ్డు నీలంగా ఉండాలి, ఒంటి రంగు కూడా ఒప్పుకున్న రంగుల్లో ఒకటై ఉండాలి. మీవి నాలుగు రంగులు, పచ్చ గుడ్డు, గులాబీ గుడ్డు అంటే అవి ఈస్టర్ ఎగ్గర్లు, అంటే నీలి గుడ్డు కోడి రక్తం కలిసిన సంకరం పిల్లలు. పెంచుకోవడానికి చాలా మంచివి, మా ఇంట్లో మూడు ఉన్నాయి, మా పిల్లలు పొద్దున్నే పచ్చ గుడ్డు కోసం పరిగెడతారు. కానీ వాటికి అమెరాకానా పేరు పెట్టి అమ్మడం తప్పు, ఈ మాట గట్టిగానే అంటున్నా. ఇప్పుడు కొన్ని హ్యాచరీలు ఈస్టర్ ఎగ్గర్ అని నిజాయితీగా రాస్తున్నాయి, అసలు అమెరాకానాని విడిగా ఎక్కువ ధరకి అమ్ముతున్నాయి. ఈసారి కొనేటప్పుడు కింద చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదువు, 'రకరకాల రంగుల గుడ్లు' అని కనిపిస్తే అది సంకరమే.

ఆర్డర్ చేసే ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, మీకు కావాల్సింది గుడ్డా, రూపమా. గుడ్డు అయితే హ్యాచరీకి మించింది లేదు, పిల్ల నాలుగైదు డాలర్లకి వస్తుంది, కావాలంటే పెట్టపిల్లల్నే ఏరి పంపిస్తారు. రూపం కావాలంటే బ్రీడర్ దగ్గరికే వెళ్ళాలి, ధర బాగా ఎక్కువ, పెట్టా పుంజూ ఏరి ఇవ్వరు, గుడ్లు కూడా తక్కువే పెడతాయి, కానీ కోడిని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఇంకో సంగతి, గుడ్ల కోసమే పుట్టిన పెట్టలు మొదటి రెండేళ్ళు విరగపెట్టి తర్వాత బాగా తగ్గిపోతాయి, కొన్నిటికి కడుపులోనే గుడ్డు పగిలి జబ్బు చేస్తుంది, నాలుగో ఏడు చూడకుండానే పోయేవీ ఉంటాయి. నా దగ్గర అలా మూడు పోయాయి. బ్రీడర్ దగ్గర కొన్న ముసలి ఆర్పింగ్టన్ ఒకటి మాత్రం ఎనిమిదో ఏట కూడా పెరట్లో తిరుగుతూనే ఉంది.

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి ఒక తమ్ముడు): అసలు బతికున్న పిల్లల్ని పోస్టులో పంపడం ఏంటక్కా, తిండి లేదు నీళ్ళు లేవు, పాపం కాదా? మా 15లో రెండు డబ్బాలోనే చచ్చిపోయి వచ్చాయి.

జవాబు: నీకు బాధ కలగడం సహజం తమ్ముడూ, నాకూ కలిగింది. కానీ ఇది ఎలా కుదురుతుందో చెప్తా. పిల్ల గుడ్డులోంచి బయటికి రావడానికి కాస్త ముందు మిగిలిన పచ్చసొనని కడుపులోకి లాగేసుకుంటుంది, ఆ బలంతో మూడు రోజుల దాకా తిండీ నీళ్ళూ లేకపోయినా బతుకుతుంది. సహజంగా తల్లి కోడి కింద కూడా అంతే, మొదట పుట్టిన పిల్లలు వెనక పుట్టేవాటి కోసం ఆగాలి కదా, తల్లి గూడు దిగదు. ఆ వ్యవధినే వాడుకుంటున్నారు. తమాషా ఏంటంటే మొట్టమొదట పిల్లల్ని ఇలా దూరం పంపింది మీ న్యూజెర్సీ నుంచే, 1892లో స్టాక్‌టన్ అనే ఊళ్ళో జోసెఫ్ విల్సన్ అనే ఆయన రైల్లో ఒహాయోకి పంపాడు. పోస్టాఫీసు వాళ్ళు 1918 నుంచి తీసుకుంటున్నారు. పుట్టిన 24 గంటల్లోపు పోస్టులో వెయ్యాలి, 72 గంటల్లోపు చేరాలి, అదీ రూలు.

రూలు తప్పితే ఏమవుతుందో 2025లో డెలావేర్‌లో చూశాం, దాదాపు 12 వేల పిల్లలున్న పోస్టల్ ట్రక్కు సెంటర్లో మూడు రోజులు అలా ఉండిపోయింది, వేల పిల్లలు చచ్చిపోయాయి. ఆ వార్త చదివి నేను ఆ రాత్రి నిద్రపోలేదు. అందుకే అంటున్నా, హ్యాచరీ ఎంత దగ్గరిదైతే అంత మంచిది, వీలైతే కార్లో వెళ్ళి తెచ్చుకోవడం ఇంకా మంచిది.

15లో రెండు పోవడం కొంచెం ఎక్కువే. ఒకప్పుడు 25కి తక్కువ పంపేవాళ్ళు కాదు, ఒకదాని వేడి ఇంకోదానికి సరిపోవాలని. ఇప్పుడు తక్కువ పిల్లలకి డబ్బాలో హీట్ ప్యాడ్ పెట్టి పంపుతున్నారు, చలిలో అది చాలదు. నేను మొదటిసారి ఆత్రం కొద్దీ ఫిబ్రవరిలో తెప్పించా, 25లో ఆరు పోయాయి, తప్పు నాదే, ఏప్రిల్ దాకా ఆగాల్సింది. టెక్సాస్ వైపు వాళ్ళకి దీనికి తిరగేసి, జులై ఆగస్టు వేడిలో వద్దు.

పోస్టాఫీసు వాళ్ళు తెల్లవారుజామునే ఫోన్ చేస్తారు, ఆలస్యం చెయ్యకుండా వెళ్ళి కౌంటర్ దగ్గరే డబ్బా తెరిచి లెక్కపెట్టుకో, పోయినవి ఉంటే అక్కడే ఫోటో తీసుకో, చాలా హ్యాచరీలు 48 గంటల్లో చెప్తే డబ్బులు వెనక్కిస్తాయి. ఇంట్లో బ్రూడర్ (దీపంతో పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె) ముందురోజు రాత్రే వెలిగించి ఉంచు, దీపం కింద 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, తర్వాత వారానికి ఐదు డిగ్రీలు తగ్గించుకుంటూ రా. పిల్లల్ని దించుతున్నప్పుడు ఒక్కోదాని ముక్కు గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తాగడం నేర్పాలి, ముందు నీళ్ళు, కాసేపాగి దాణా. మొదటి మూడు రోజులు ప్రతి పిల్ల వెనక భాగం చూడాలి, రెట్ట గట్టిపడి ద్వారం మూసుకుపోతుంది, ప్రయాణం బడలికతో వచ్చేదే ఇది, తడిగుడ్డతో మెల్లగా నానబెట్టి తీసెయ్యాలి, లాగకూడదు. ఈ ఒక్క పని తెలియక పోయే పిల్లలు ఉంటాయి.

ప్రశ్న (అట్లాంటా నుంచి): పదికి పది పెట్టపిల్లలకే డబ్బు కట్టామండి. నాలుగో నెలలో ఒకటి కూయడం మొదలెట్టింది. మా కాలనీలో పుంజు ఉండకూడదు. హ్యాచరీ వాళ్ళు 90 శాతం గ్యారంటీ అంటున్నారు, అంటే ఏంటండి?

జవాబు: అంటే పదిలో ఒకటి పుంజు రావచ్చని వాళ్ళు ముందే చెప్పినట్టండి. ఒక్కరోజు వయసు పిల్ల వెనక భాగం నొక్కి లోపల మినప గింజంత కూడా లేని బుడిపె చూసి పెట్టో పుంజో చెప్పాలి, జపాన్ వాళ్ళు 1920ల్లో కనిపెట్టిన విద్య ఇది, ఎంత అనుభవం ఉన్నా తప్పులొస్తాయి. తప్పు అస్సలు కుదరదు అనుకుంటే సెక్స్ లింక్ పిల్లల్ని కొనండి, రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుని ఒంటి మీద చారలుండే బార్డ్ రాక్ జాతి పెట్టకి జత చేస్తే పుట్టే నల్ల పిల్లల్లో తల మీద తెల్ల చుక్క ఉన్నది పుంజు, లేనిది పెట్ట, పుట్టగానే కళ్ళతో చూసి చెప్పేయొచ్చు. గుడ్లు కూడా అవే ఎక్కువ పెడతాయి. 'స్ట్రెయిట్ రన్' అని ఉంటే మాత్రం ఏరకుండా పంపినవి, సగం పుంజులే అనుకోండి. ఇప్పుడున్న పుంజుకి ఊరి బయట పొలం ఉన్నవాళ్ళని ఎవరినైనా చూడండి, రోడ్డు పక్కన మాత్రం వదలకండి దయచేసి, ఇళ్ళలో పెరిగింది అక్కడ రెండు రాత్రులు బతకదు.

ప్రశ్న (ర్యాలీ నుంచి): టీకా వేయించమంటారా? ఆర్డర్ ఫారంలో రెండు గళ్ళున్నాయి.

జవాబు: మారెక్స్ టీకా తప్పకుండా వేయించండి. ఆ జబ్బు వస్తే కోళ్ళు కాళ్ళు పడిపోయి ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడుకుంటాయి, వచ్చాక మందు లేదు, టీకా ఒక్కరోజు వయసు పిల్లకే హ్యాచరీలో వేస్తేనే సుఖం. పిల్ల మీద కొద్ది సెంట్లే ఎక్కువ పడుతుంది. రెండోది కాక్సిడియోసిస్‌ది, రక్తపు రెట్టలు పడే జబ్బు. ఆ టీకా వేయిస్తే మందు కలిపిన స్టార్టర్ దాణా పెట్టకూడదు, ఆ మందు టీకాని చంపేస్తుంది. ఈ టీకా, మందు దాణా, రెండిట్లో ఒకటే. ఇంకా ఆ హ్యాచరీకి ఎన్‌పీఐపీ నంబరు ఉందో లేదో చూడండి, తెల్ల విరేచనాలతో పిల్లలకి పిల్లలే తుడిచిపెట్టుకుపోయే పుల్లోరం జబ్బుని అరికట్టడానికి 1935లో మొదలైన పథకం అది. నంబరు లేని చోట కొనకండి.

ప్రశ్న (చికాగో శివార్ల నుంచి ఒక పెద్దాయన): అమ్మా, గుడ్లు సరే, నాటుకోడి పులుసు రుచి రావాలంటే ఏ పిల్లలు తెప్పించాలి?

జవాబు: బాబాయ్ గారూ, కార్నిష్ క్రాస్ అనే బ్రాయిలర్ మాత్రం వద్దండి. ఆరేడు వారాలకే కత్తికి వస్తుంది, మాంసం దూదిలా ఉంటుంది, ఎక్కువ రోజులు ఉంచితే దాని బరువుకి దాని కాళ్ళే ఆగవు. ఇంకా బాధేంటంటే కార్నిష్ జాతి ఇంగ్లాండులో మన అసిల్ కోడి రక్తంతోనే తయారైంది, అప్పట్లో ఇండియన్ గేమ్ అనేవాళ్ళు. ఆ అసిల్ గట్టిదనం అంతా ఈ తెల్ల బ్రాయిలర్‌లో పోయింది. అలాగని అసిల్ పిల్లలే తెప్పిద్దామంటే చిన్నప్పటి నుంచే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, చిన్న పెరట్లో కుదరదు.

నాటుకోడి రుచి జాతిలో కన్నా వయసులోనూ తిరుగుడులోనూ ఉంటుందండి. హ్యాచరీల్లో హెవీ బ్రీడ్, అంటే ఒళ్ళున్న జాతుల పుంజు పిల్లలు చవగ్గా వస్తాయి, పెట్టలు అమ్ముడుపోయాక మిగిలినవి, రెడ్లు, బార్డ్ రాక్‌లు అన్నీ కలిపి ఇస్తారు. వాటిని గడ్డిలో తిప్పుతూ 18, 20 వారాలు పెంచండి. ఎముక గట్టిగా, మాంసం కాస్త సాగుతూ, పులుసు పైన పసుపు నూనె తేలుతుంది. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు అలాంటి పుంజునే వండి పెట్టా, రెండోసారి అడిగి వేయించుకున్నారు. కొయ్యడానికి మీ ఊరి రూల్స్ ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి, మూడు నెలలు దాటాక అవి కూస్తాయి కూడా.

ప్రశ్న (సియాటిల్ నుంచి): మా పాపకి మూడేళ్ళు, కోడిపిల్లల్ని ముద్దు పెట్టుకుంటోంది, పర్వాలేదా?

జవాబు: వద్దమ్మా. చూడ్డానికి శుభ్రంగా ఉన్న కోడిపిల్ల ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్ళ లోపు పిల్లలకి అది ప్రమాదం. దూరం నుంచి చూపించండి, పెద్దవాళ్ళు ముట్టుకున్నా వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, బ్రూడర్‌ని వంటింట్లో మాత్రం పెట్టకండి, గరాజ్‌లోకి మార్చండి.