సగంలో ఆగిన గలేబులు

శ్రీకాకుళం

చిట్టితల్లీ,

మొన్న నువ్వు ఫోన్లో అన్నమాట మనసులోంచి పోవడం లేదు. "అమ్మమ్మా, ఎంబ్రాయిడరీ మీద మొదట్లో ఉన్న ఇంట్రెస్ట్ ఇప్పుడు లేదు, మూడు దిండు గలేబులు సగంలోనే ఆపేశాను" అన్నావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు రెండు గలేబులు మడిచి పెట్టెలో పెట్టేయ్. ఒక్కటే బయట ఉంచు. మూడూ అప్పులవాళ్లలా ఎదురుగా కూర్చుంటే ఎవరికైనా చెయ్యి ఆడదు.

నాకూ చాలా రోజులు సూది పట్టుకునేదాకా బుద్ధి పుట్టదు. నాలుగు కుట్లు పడ్డాక లేవబుద్ధి కాదు. అన్నం తిన్నాక ఓ పావుగంట కూర్చో, చాలు. లేచేటప్పుడు ఆకు సగంలో ఉండగానే ఆపు, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కోనక్కర్లేదు. సూదిని మాత్రం గుడ్డ అంచులో గుచ్చు. మీ విశాఖ గాలికి తుప్పు పట్టి మరక పడుతుంది. ఫ్రేమ్ కూడా రాత్రికి తీసెయ్.

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. కాడకుట్టు వంకరపోయింది నీ చేతివల్ల కాదు, దారంలోని ఆరు పోగులూ ఒకేసారి ఎక్కించావు. అంత సన్నటి కాడకి రెండు చాలు. ఒక్కో పోగు విడిగా లాగి, తర్వాత రెండూ కలుపుకో. దారం మూర దాటకూడదు. కుడుతుంటే అది మెలి తిరుగుతుంది. అప్పుడు గుడ్డ పైకెత్తి సూదిని కిందికి వదిలెయ్. గిరగిరా తిరిగి దానంతటదే విడిపోతుంది.

చాలా ఏళ్ల కిందట ఖద్దరు నేసే పొందూరులో ఒకామె పత్తి శుభ్రం చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. గింజ తియ్యని పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. ఆ సన్నటి పళ్లకి చెత్త చిక్కుకుని, పోగులన్నీ ఒకే వైపు వాలుతున్నాయి. అరగంటకి గుప్పెడు పోగైంది, అంతే. దువ్వాల్సిన కుప్ప పక్కనే ఉన్నా ఆమె చూపు చేతిలో గింజ మీదే ఉంది. అప్పట్నుంచి నేను డిజైన్ మొత్తం పరిచి, ఇంకా ఎంత ఉందో చూడటం మానేశాను. ఆ లెక్క మొదలైతే చెయ్యి బరువెక్కుతుంది.

ఫోన్లో ఎవరెవరో కుట్టినవి చూసి నీ పనిని చిన్నబుచ్చకు. ఓ జానెడు తెల్లగుడ్డ తీసుకుని నెలకోసారి అదే పువ్వు కుట్టు, పక్కన తేదీ వెయ్యి. ఆర్నెల్ల తర్వాత ఆ మొదటి పువ్వుని నువ్వే గుర్తుపట్టవు. ఎవరైనా అమ్ముకోవచ్చుగా అంటే ఇప్పుడే ఒప్పుకోకు. ఆర్డర్ అంటే మళ్లీ టైము, టెన్షన్. ఆఫీసులో పడుతున్నది చాలు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ బయట ఉంచిన గలేబు తెచ్చుకో. ముడికుట్టు ఫోన్లో చెప్తే రాదు, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తాను. నాకు సూదుల్లో దారాలు ఎక్కించి పెడుదువుగాని.

మీ అమ్మమ్మ